మందులు: లేవు

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ ఉదయం పదమూడు ఫారాలను వార్డులకు తిప్పి పంపాను. తొమ్మిదింటిలో 'వాడుతున్న మందులు' అన్న గడి ఖాళీ. రెండింటిలో రోగి వయసు లేదు. మిగిలిన రెండింటి మీద సంతకాలు కోడి కెలికినట్టు ఉన్నాయి. మూడో అంతస్తు నర్సు ఫోన్ చేసింది.

"మేడమ్, రక్తం మీ దగ్గరే ఉందిగా. టెస్టు చేసేస్తే మీదేం పోయింది?"

"నాదేం పోదు. పోతే రోగిదే పోతుంది" అని పెట్టేశాను.

వెనక బల్ల దగ్గర ఎవరో "రూళ్ళకర్ర లేచిందిరోయ్" అన్నారు. విన్నాను. ఆ పేరు పెట్టి పద్నాలుగేళ్ళయింది. ఇంకొక మంచి పేరు ఆలోచించే తెలివి కూడా వీళ్ళకు లేకపోయింది. పగలంతా ఇదే ల్యాబులో గాజు గొట్టాలు కడిగి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆరేళ్ళపాటు రాత్రి కళాశాలలో చదివి పట్టా తెచ్చుకున్నదాన్ని నేను. పగటి కళాశాలలో క్యాంటీను బల్లల దగ్గర చదివి వచ్చినవాళ్ళకు ఖాళీ గడి అంటే ఖాళీ గడి. నాకు అది ఎవరో అడగకుండా వదిలేసిన ప్రశ్న.

చెల్లెలికి మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయని మరిది ఫోన్ చేశాడు. రేపు డాక్టరుకు చూపించాలి. నేనే వెంట వెళతాను. ఆ మనిషికి డాక్టరు ఎదుట నోరు పెగలదు.

ఫిబ్రవరి 11, బుధవారం

నిన్న జనరల్ డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకు నేనే సమాధానం చెప్పాను. ఎప్పటి నుంచి నీరసం, ఎన్ని కిలోలు తగ్గింది, తిండి ఎలా తింటున్నది, ఏమైనా మందులు వాడుతున్నదా. క్రమంగా, తారీఖులతో సహా చెప్పాను. ఆయనే మెచ్చుకున్నాడు: "మీలాంటివాళ్ళు వెంట వస్తే మా పని సగం తగ్గుతుందండీ." అడ్రినల్ గ్రంథుల మీద అనుమానంతో కార్టిసాల్ పరీక్ష రాశాడు. మూత్రపిండాల నెత్తి మీద టోపీల్లా కూర్చునే ఆ రెండు చిన్న గ్రంథులు తయారుచేసే హార్మోనే కార్టిసాల్. అది చాలకపోతే మనిషి నిలబడలేదు.

ఈ ఉదయం ఎనిమిదికి చిన్నది ల్యాబుకు వచ్చింది. చిన్నది అని రాస్తున్నాను గాని నలభై మూడేళ్ళ మనిషి, సొంతంగా కుట్టు దుకాణం నడుపుకుంటున్న మనిషి. అమ్మ పోయేనాటికి అది ఏడో తరగతి. ఆనాటి నుంచి దాని జడ, దాని జ్వరం, దాని పరీక్షలు అన్నీ నావే.

"మెల్లగా గుచ్చక్కా."

"ఇరవై ఆరేళ్ళుగా గుచ్చుతున్నాను. ఇంతవరకూ ఎవరూ చావలేదు."

"వాళ్ళెవరూ నీ చెల్లెళ్ళు కారుగా, బతికిపోయారు."

అది నవ్వింది. నేను నవ్వలేదు, రక్తం తీసే బల్ల దగ్గర నవ్వకూడదన్నది నా నియమం. దాన్ని వరుసలో నిలబడనివ్వకుండా ఫారం కూడా నేనే నింపాను.

"నన్నేమైనా అడగాలా అందులో?" అంది.

"నీ గురించి నాకు తెలియనిదేముందే?" అన్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

పదకొండు. మామూలు హద్దులు అయిదు నుంచి ఇరవై అయిదు. యంత్రాన్ని ఉదయమే సరిచూశాను, రెండుసార్లు చేశాను, రెండుసార్లూ పదకొండే. ఫోన్ చేసి చెప్పాను.

"మరైతే ఎందుకక్కా ఇలా ఉంది నాకు?"

"రోజంతా మిషను ముందు కూర్చుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. పొద్దున్నే లేచి నడువు."

డాక్టరు కూడా కాగితం చూసి బలం మాత్రలు రాసి పంపేశాడట. సరే. ఒక అనుమానం తీరింది.

మార్చి 1, ఆదివారం

చిన్నదాని ఇంటికి వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది.

పదకొండు గంటలయినా మంచం దిగలేదు. మరిది వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. దుకాణం వారంలో మూడు రోజులు మూసే ఉంటోందట. పెళ్ళివాళ్ళ బట్టలు కత్తిరించి అలాగే పడేసింది. మంచం పక్కన ఉప్పు డబ్బా! వేలు అద్దుకుని నాకుతోంది. వేళ్ళ కణుపులు నల్లగా, అరచేతి గీతలు నల్లగా ఉన్నాయి.

"చేతులు కడుక్కోవడానికి కూడా ఓపిక లేదా నీకు?" అన్నాను.

"కడిగానక్కా. పోవట్లేదు."

"నీకు ఒంట్లో ఏమీ లేదు. కాగితం నా చేత్తో ఇచ్చాను. పదకొండు! బద్ధకానికి పరీక్ష లేదు గాని, ఉంటే అది మాత్రం హద్దు దాటేది."

దానికి ఇంకొకటి కూడా చెప్పాను, చెప్పవలసిందే అనిపించి. నాకు నలభై ఆరో ఏట బహిష్టు ఆగిపోయినప్పుడు ఒళ్ళంతా సెగలు కక్కుతుంటే, ల్యాబులో ఒక్క పూట సెలవు పెట్టకుండా పనిచేశాను. ఒక్క మాత్ర మింగలేదు. ఈనాటి ఆడవాళ్ళకు చెమట పడితే ఒక మాత్ర, నిద్ర పట్టకపోతే ఒక మాత్ర. మాత్రల మనుషులు.

చిన్నది నా ముఖంలోకి కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది. పెద్దదాన్ని వచ్చి కూర్చుంటే గోడవైపు తిరగడం!

"కాస్త మెల్లగా వదినా" అన్నాడు మరిది, చేతులు తుడుచుకుంటూ. ఈయన గారాబమే దాన్ని ఈ స్థితికి తెచ్చింది.

మార్చి 14, శనివారం

చిన్నది ఫోన్ ఎత్తలేదు. నేను మళ్ళీ చేయను.

మార్చి 19, గురువారం

నాకు ఎవరూ చెప్పలేదు. ఇది ముందుగా రాసి పెట్టుకుంటున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు.

పదిన్నరకు అత్యవసర విభాగం నుంచి ఒక గొట్టం వచ్చింది. సోడియం నూట పద్దెనిమిది. ఇంత తక్కువ ఉంటే వెంటనే పైకి ఫోన్ చేయడం నియమం. ఫోన్ చేతిలోకి తీసుకుని పేరు చదివాను. చిన్నది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. రక్తపోటు అరవై. చక్కెర అడుగంటింది. రెండు రోజులుగా జ్వరం, వాంతులు. అయినా ఎవరివో కొలతలు తీసుకుంటానని మాట ఇచ్చానంటూ దుకాణానికి వెళ్ళి, కత్తిరింపు బల్ల కింద పడిపోయిందట. హార్మోన్ల డాక్టరు, ముప్పై అయిదేళ్ళు కూడా ఉండవు, నల్లబడిన దాని కణుపులు ఒక్కసారి తిప్పి చూసి, ఇది అడ్రినల్ గ్రంథి జబ్బేనని, ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా నరంలోకి హైడ్రోకార్టిసోన్ ఎక్కించమంది. ఆ మందే కార్టిసాల్‌కు బదులు.

మరిదిని గోడకు అదిమినంత పని చేశాను.

"రెండు రోజులు వాంతులవుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"మీకు ఫోన్ చేద్దామన్నాను వదినా. వద్దంది."

"వద్దంటే మానేస్తారా?"

"మీరు మళ్ళీ బద్ధకం అంటారని..." అని ఆపేశాడు.

నెపం నా మీదికి! ఆ మాటకు ఆసుపత్రి వరండాలో అంతమంది ఎదుట ఏమన్నానో ఇక్కడ రాయను.

మార్చి 20, శుక్రవారం

కళ్ళు తెరిచిందట. నన్ను లోపలికి రానివ్వలేదు. ఒకరికే అనుమతి అన్నారు, ఆ ఒకరు మరిది.

హార్మోన్ల డాక్టరు ల్యాబుకు వచ్చింది. "ఫిబ్రవరిలో కార్టిసాల్ పదకొండు అని ఇచ్చింది మీరేనా అండీ?"

నేను యంత్రం సరిచూసిన పుస్తకాన్ని తీసి బల్ల మీద పెట్టాను. ఆ రోజు, ఆ ముందు రోజు, ఆ వారమంతా. ఒక్క అంకె కూడా దారి తప్పలేదని చూపించాను. నా గొంతు పెద్దదయిందని తరువాత అందరూ అన్నారు.

"మీ యంత్రం తప్పు చెప్పిందనట్లేదండీ" అంది ఆవిడ. "పదకొండు నిజమే. కానీ ఆ పదకొండులో పనికొచ్చేది ఎంత? మీ చెల్లెలు ఏడాదిన్నర నుంచి ఈస్ట్రోజన్ మాత్రలు వేసుకుంటోంది. తెలుసా మీకు?"

తెలియదు. నాకు తెలియదు. మరిది నిన్న దుకాణానికి పరిగెత్తి, బొత్తాల డబ్బాలో దాచిన మాత్రలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడట. ఆయనకు తెలుసు! నాకు తప్ప లోకంలో అందరికీ తెలుసు.

ఆవిడ నా బల్ల మీది కాగితం తీసుకుని వెనక బొమ్మ గీసింది.

"రక్తంలో కార్టిసాల్ ఎక్కువ భాగం ఒక ప్రోటీన్ మీద ఎక్కి తిరుగుతుంది, బస్సులో జనం లాగా. దిగినవాళ్ళే కదా ఇళ్ళకి చేరేది, పనులు చేసేది? మీ పరీక్ష బస్సులో ఉన్నవాళ్ళనీ దిగినవాళ్ళనీ కలిపి లెక్కపెడుతుంది. నోటితో మింగే ఈస్ట్రోజన్ ఏం చేస్తుందంటే, కాలేయం చేత బోలెడు బస్సులు తయారు చేయిస్తుంది. గ్రంథి బాగున్నవాళ్ళయితే ఇంకాస్త కార్టిసాల్ చేసి సర్దుకుంటారు. ఈవిడ గ్రంథి ఎండిపోతోంది. ఉన్న కాస్తా బస్సుల్లోనే కూర్చుండిపోయింది. లెక్కకి నిండుగా ఉంది, పనికి లేదు. మాత్ర కాకుండా చర్మానికి అతికించే పట్టీ వాడినా ఇంత తేడా వచ్చేది కాదు."

"అయితే తప్పు ఆ మాత్రలు రాసినవాళ్ళది" అన్నాను.

"మాత్రలు రాయడం తప్పు కాదండీ. నలభై ఒకటికే బహిష్టు ఆగిపోతే ఎముకల కోసమైనా రాస్తాం. అవి వేసుకుంటున్నట్టు తెలిస్తే ఈ పదకొండుని ఎవరం నమ్మేవాళ్ళం కాదు, ఇంకో పరీక్ష చేసేవాళ్ళం. ఫారం తీసి చూశాను. మందుల గడిలో 'లేవు' అని ఉంది. ఎవరు రాశారో గాని."

విచారిస్తానని చెప్పాను.

మార్చి 21, శనివారం

రాత్రి కళాశాల నోటుపుస్తకాలు తీశాను. ముప్పై ఏళ్ళ కిందటివి, అట్టలు వేసి భద్రంగా ఉన్నాయి.

కార్టిసాల్ కణంలోకి వెళ్ళి అక్కడి గ్రాహకాన్ని, తాళంలో తాళంచెవిలా, పట్టుకుంటేనే రక్తపోటు నిలుస్తుంది, చక్కెర నిలుస్తుంది, మనిషి నిలుస్తుంది. ప్రోటీనుకు అతుక్కున్నది ఎంత ఉన్నా గ్రాహకం దృష్టిలో అది లేనట్టే. అడ్రినల్ గ్రంథి కణాల్లోనే ఈస్ట్రోజన్‌ను పట్టుకునే గ్రాహకాలు కూడా ఉన్నాయని డాక్టరు వెళుతూ వెళుతూ చెప్పింది. అది మా కాలపు పాఠంలో లేదు. లేనిదానికి నేను బాధ్యురాలిని కాను.

బాధ్యులు ఎవరో చెప్పగలను. తోడబుట్టినదానికి చెప్పకుండా మాత్రలు మింగిన చిన్నది. బొత్తాల డబ్బా సంగతి తెలిసి నోరు మూసుకున్న మరిది. మాత్రలు రాసి, ఫలానా పరీక్షలకు ముందు చెప్పమ్మా అని ఒక్క ముక్క చెప్పని ఆడవాళ్ళ డాక్టరు. నల్లబడిన కణుపులను చూసి కూడా ఒక్క అంకెకు లొంగిపోయిన జనరల్ డాక్టరు. సోడియం చూపించే మామూలు పరీక్ష కూడా రాయనివాడు డాక్టరా?

మూడో సంవత్సరం నోటుపుస్తకం, నలభై ఏడో పుట. నా చేతిరాత. "నోటి ద్వారా ఈస్ట్రోజన్ తీసుకొనువారిలో మొత్తం కార్టిసాల్ హెచ్చుగా కనబడును. కావున మందుల వివరమును రోగినే అడిగి తెలుసుకొనవలెను." కింద ఎర్ర సిరాతో గీత. గీత కూడా నేనే గీశాను, రూళ్ళకర్ర పెట్టి.

మార్చి 22, ఆదివారం

'లేవు' అని రాసింది నేను.

మార్చి 24, మంగళవారం

ఈరోజు లోపలికి రానిచ్చారు. మరిది టీ తాగి వస్తానని లేచి వెళ్ళాడు.

చిన్నది దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖంలో కొంచెం కళ వచ్చింది. చూసి సంతోషించవలసినదాన్ని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదేమో. నలభై ఒకటికే ఆగిపోయిందక్కా నాకు. రాత్రుళ్ళు దుప్పటి తడిసిపోయేది. నీతో చెప్దామని రెండుసార్లు మీ ఇంటికి వచ్చాను. ఒకసారి నువ్వు ఎవరో నర్సు గురించి మాట్లాడుతున్నావు, సెలవు పెట్టిందని. ఇంకోసారి కూడా అలాంటిదే. టీ తాగి వెళ్ళిపోయాను."

"నేను బయటివాళ్ళని అంటే నిన్నన్నట్టా?"

"మాత్రల మనుషులు అన్నది నన్నే కదా, మొన్న?"

"నాకు తెలియక అన్నాను!"

"తెలిస్తే ఇంకా బాగా అనేదానివి."

పక్క మంచం ముసలావిడ అటు తిరిగి పడుకుంది, వినడానికి వీలుగా. నేను గొంతు తగ్గించి, కుర్చీ దగ్గరగా జరిపి, చెప్పదలచినది చెప్పాను. ఫారంలో 'లేవు' అని రాసింది నేనేనని, నిన్ను అడగకుండా రాశానని.

"తెలుసు" అంది. "నువ్వు రాస్తుంటే చూశాను."

"చూశావా?"

"ఎదురుగానే కూర్చున్నాగా. తలకిందులుగా కనిపించింది."

"చూసి ఊరుకున్నావా? చచ్చిపోయేదానివే!"

"నువ్వు అంత గట్టిగా రాశాక చెరిపించడం ఎవరి తరమక్కా?"

అని నవ్వబోయింది, దగ్గు వచ్చింది. నీళ్ళ గ్లాసు అందించాను. నా చేతిలోంచి తీసుకోకుండా, బల్ల మీద పెట్టాక తీసుకుంది. అంతవరకు నాకు లోకమంతటి మీదా కోపం. ఇంటికి నడిచి వస్తూ చూసుకుంటే అదంతా ఒక్కచోటికి చేరింది. ఆ చోట నేను ఉన్నాను.

మార్చి 26, గురువారం

ల్యాబు అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చాను. ఫారం నేను నింపానని, రోగిని అడగలేదని, అడగకుండా 'లేవు' అని రాశానని. ఖాళీగా వదిలినా ఎవరో ఒకరు అనుమానించేవారు. నేను అబద్ధంతో నింపాను. ఆ వాక్యం కూడా రాశాను.

ఆయన చదివి, మడిచి, నావైపు తోశాడు. "సొంత చెల్లెలే కదా మేడమ్. బయటివాళ్ళెవరూ అడగరు. బతికి బట్టకట్టింది. వదిలేయండి."

"ఇదే పని మూడో అంతస్తు నర్సు చేస్తే వదిలేస్తారా?"

"నేను వదిలేస్తా. మీరు వదలరు."

"అందుకే వదలవద్దంటున్నాను."

"మీతో వేగడం కష్టమండీ బాబూ" అని కాగితం తీసుకున్నాడు. మూడు నెలలపాటు రిపోర్టుల మీద నా సంతకం చెల్లదు. నా పనిని ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి. నేను కోరినదే. అయినా సాయంత్రం ఆ ఇంకొకరు, పగటి కళాశాల మనిషి, నా గొట్టాలను ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూస్తుంటే చేతులు పిడికిళ్ళయ్యాయి.

వెనక బల్ల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

మార్చి 27, శుక్రవారం

ఏడు ఫారాలు తిప్పి పంపాను. మూడో అంతస్తు నర్సు ఫోన్ చేసి, ఏదో అనబోయి, "సరే మేడమ్" అంది. జాలి పడుతోంది. దానికి ఎవరిచ్చారు ఆ హక్కు?

ఏప్రిల్ 2, గురువారం

ఇంటికి పంపిస్తున్నారు. హార్మోన్ల డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. రోజూ మాత్రలు, జీవితాంతం. జ్వరం వస్తే రెట్టింపు. ఈస్ట్రోజన్ ఇకనుంచి పట్టీ రూపంలో. అన్నిటికంటే ముఖ్యమైనది: వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా, మనిషి పడిపోయినా, ఆసుపత్రికి బయలుదేరే ముందే తొడ కండలోకి హైడ్రోకార్టిసోన్ సూది వేయాలి. మందు ఇంట్లోనే ఉండాలి. ఒకరు నేర్చుకోవాలి.

డాక్టరు నావైపు చూసింది. మరిది నావైపు చూశాడు. నేను అప్పటికే సంచిలోంచి కలం తీశాను. వాళ్ళింటికి నడిచి ఎనిమిది నిమిషాలు. ఇరవై ఆరేళ్ళ చేయి.

"ఆయన నేర్చుకుంటారు" అంది చిన్నది.

"ఈయనా?" అన్నాను. మరిది పాఠశాల గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు వేసే మనిషి. వేలికి ముల్లు గుచ్చుకుంటే కళ్ళు మూసుకుంటాడు.

"నాకు రాదే" అన్నాడు ఆయన కూడా, బెదిరిపోయి.

"నా చేయి ఎప్పుడైనా వణికిందా?" అని అడిగాను చిన్నదాన్ని. డాక్టరు ఎదుటే అడిగాను.

"వణకదక్కా. కానీ నువ్వు గుచ్చే ముందు చూస్తావు. ఇది నిజంగా పడిపోయిందా, నాటకమాడుతోందా అని. ఒక్క నిమిషమైనా చూస్తావు. ఆయన చూడరు. ముందు గుచ్చేసి తర్వాత ఏడుస్తారు."

డాక్టరు కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకుంది. నేను లేచి వచ్చేశాను. కలం అక్కడే మరచిపోయాను. తెచ్చుకోను.

ఏప్రిల్ 4, శనివారం

రెండు రోజులుగా ఒకే మాట. ఒక్క నిమిషమైనా చూస్తావు. సమాధానాలు పదో పన్నెండో తయారుచేశాను. ఒక్కటీ నిలబడలేదు.

సాయంత్రం మరిది వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆసుపత్రిలో ఒకసారి చూపించారు వదినా. సగం అర్థం కాలేదు. నేర్పుతారా?"

రేపు పొద్దున్న వస్తానని చెప్పాను.

ఏప్రిల్ 5, ఆదివారం

మందు పొడి ఉన్న సీసాలోకి నీరు ఎక్కించడం, కలపడం, గాలి తీయడం గంటలో వచ్చేశాయి. మొదట స్పాంజి ముక్కకు గుచ్చించాను. స్పాంజికి కూడా "అయ్యో" అన్నాడు. చిన్నది మంచం మీద నుంచి పకపకా నవ్వింది. నేను తిట్టాను, ఇద్దరినీ.

స్పాంజికి గుచ్చడం వేరు, మనిషికి గుచ్చడం వేరు. ఉత్త సెలైన్ ఎక్కించి సిరంజి ఆయన చేతికి ఇచ్చాను. కుర్చీ లాక్కుని కూర్చుని తొడ మీద చోటు చూపించాను.

"మీకా వదినా?"

"ఇంకెవరికి? దానికి ఇప్పటికే చాలా గుచ్చారు."

"నా వల్ల కాదు."

"మీ వల్ల కాకపోతే అది చస్తుంది. గుచ్చండి."

చిన్నది నవ్వడం మానేసింది.

మొదటిసారి సూది వంకరగా దిగింది. మంటెక్కిపోయింది, తిట్టవలసినదంతా తిట్టాను. అప్పుడు చెప్పాను, దానికి వినిపించేటట్టే. "రేపు నిజంగా అది పడిపోయిన రోజున నేను కూడా ఇక్కడే ఉండవచ్చు. ఉంటే నోరు మూసుకుని ఉండను. ఆగండి అంటాను. ముందు చూద్దాం అంటాను. నా మాట మీరు వినకూడదు. ఇప్పుడు అది నేర్చుకోండి."

కొత్త సూది తీశాడు. తెచ్చి ఆనించేసరికి "ఆగండి" అన్నాను. ఆగాడు.

"ఎందుకు ఆగారు?"

"మీరు ఆగమన్నారు కదా!"

"ఇన్నేళ్ళుగా అందరూ నేను ఆగమంటే ఆగుతున్నారు. చూశారుగా ఏమయిందో. మళ్ళీ."

మళ్ళీ. ఈసారి "ఆగండి, అది పడుకుంది అంతే, ఒక్క నిమిషం చూద్దాం" అన్నాను. సూది చర్మానికి తాకి ఆగింది. ఆయన కళ్ళలో నీళ్ళు. నాకు అసహ్యం వేసింది, ఆయన మీద కాదు. ఆ మాట నా నోట ఎంత సహజంగా, ఎంత నమ్మదగినట్టుగా వచ్చిందో విన్నాను. చిన్నది మంచం దిగి గోడ పట్టుకుని నిలబడింది. నన్నే చూస్తోంది.

మూడోసారి కుర్చీలోంచి సగం లేచి, ల్యాబులో అరిచినట్టు, వీధికి వినబడేటట్టు "ఆగమన్నానా!" అని అరిచాను.

ఆగలేదు.